తొమ్మిదో నంబరు

సట్‌క్లిఫ్ ఎస్టేట్‌కి వేటకొచ్చిన అతిథులతో చెయ్యి కలిపేది దొర. వాళ్ళని కొలిచేది మాత్రం లూషస్ టూక్స్. పొద్దున్నే కంచరగాడిదల బండి వెనక పలక దించి, దాని మీద తూటాల పెట్టెలు వరసగా పరిచి, పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. అతిథి తుపాకీ విప్పి గొట్టాల్లోంచి ఆకాశం చూసే తీరు, దాన్ని భుజానికెత్తే తీరు, రాత్రి తాగింది దిగిందా లేదా అన్నదీ ఒక్క చూపులో పట్టేసి, ఒక పెట్టె ముందుకు తోసేవాడు.

"ఇవాళ మీకివి బావుంటాయి సార్."

నలభై రెండేళ్ళుగా ఆ మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. పద్దెనిమిదో ఏట కుక్కలకి నీళ్ళు మోసే పనిలో చేరినవాడు, అరవై ఏళ్ళకి దక్షిణ జార్జియా పైన్ అడవుల్లో కౌజుపిట్టల వేటకి ఏ తూటా అని ఎవరికి సందేహమొచ్చినా అడగాల్సిన మనిషయ్యాడు.

తూటాలో ఉండేవి సీసపు రవ్వలు. నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది, రవ్వల సంఖ్య పెరుగుతుంది. నవంబరులో పిట్ట ఈక పల్చన, మనిషి దగ్గరికొచ్చేదాకా గడ్డిలో నక్కి ఉంటుంది. ఎనిమిదో నంబరు చాలు. జనవరి చలికి ఈక దట్టమవుతుంది, తోటి పిట్టల చావు చూసి చూసి అలికిడికే దూరంగా లేస్తుంది, అప్పుడు ఏడున్నర. ఇది పెట్టె మీద కూడా రాసి ఉంటుంది, చదువొచ్చిన ఎవడైనా చెబుతాడు. లూషస్ లెక్క పిట్టని బట్టి కాదు, మనిషిని బట్టి. గురి ఉన్నవాడికి ఏడున్నర ఇచ్చేవాడు. అందులో మూడో నాలుగో రవ్వలు తగిలితే చాలు, పిట్ట గాల్లోనే చచ్చి పడుతుంది, మాంసం చెడదు. గురి లేనివాడికి తొమ్మిదో నంబరు. ఆవగింజంతేసి రవ్వలు, తూటాకి అయిదు వందల పైచిలుకు. జల్లెడ పట్టిన పిండిలా విచ్చుకుని పోతాయి. ఎటు పేల్చినా ఏదో ఒకటి తగులుతుంది. పిట్ట పడుతుంది, బోస్టన్ నుంచి వచ్చిన వకీలు గారికి తన మీద తనకి గౌరవం పెరుగుతుంది, దొర మొహం వెలుగుతుంది.

"ఎవరికిరా ఇవాళ తొమ్మిది?" అని బండి తోలే హోసియా పిట్స్ ముందు సీటు మీంచి తల తిప్పకుండా అడిగేవాడు.

"ఆ ఎర్ర మఫ్లర్ ఆయనకి."

"ఆయనకి తూటా ఎందుకురా, వల ఇయ్యి. నా గాడిదలకి తగిలిస్తాడు."

"తగిలినా వాటికి తెలీదులే. నీ పాట విని విని ఎప్పుడో మొద్దుబారిపోయాయి."

సాయంత్రం బండి తిరిగొచ్చాక అదే పలక మీద పిట్టల్ని పోసి రెండు కుప్పలు చేసేవారు. రొమ్ము చెదరనివి దొరింటి వంటగదికి. చితికినవి, తొమ్మిదో నంబరు తిని జల్లెడలైనవి ఒక గోనెసంచిలోకి. అది పనివాళ్ళ సంచి. దొర ముత్తాత కాలం నుంచీ ఉన్న మర్యాద అది. శుక్రవారం సాయంత్రం కుక్కల కొట్టం దగ్గర పంపకం. పెద్దవాడు కాబట్టి మొదటి చెయ్యి లూషస్‌దే. ఏరి పక్కన పారేసినదానికి దానమని పేరు పెట్టడం భూమి ఉన్నవాళ్ళకి ఎక్కడైనా అలవాటే. తీసుకునేవాళ్ళు దాన్ని హక్కు అనుకుని సంతోషపడటం అంతకన్నా పాత అలవాటు. ఎస్టేట్‌లో ఏడు కుటుంబాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏడు పొయ్యిల మీదా ఆ పిట్టలే.

లూషస్ ఇల్లు కుక్కల కొట్టం వెనక. ఇల్లంటే ఎస్టేట్‌దే, పనిలో ఉన్నన్నాళ్ళూ ఉండమన్నారు. అతని భార్య వెర్డెల్ పిట్టల్ని రాత్రంతా వెనిగర్‌లో ఉప్పు వేసి నానబెట్టేది. పొద్దున పిండి అద్ది వేయించి, అదే మూకుట్లో చిక్కటి పులుసు కాచి, మొక్కజొన్న జావ మీద పోసేది. తింటున్నప్పుడు పంటికింద రవ్వ తగిలితే మధ్యలో పెట్టిన పింగాణీ సాసరులోకి ఉమ్మాలి. టింగుమని మోగాలి. ఎవరికి ఎక్కువ రవ్వలొస్తే వాళ్ళు ఆ పూట గిన్నెలు కడగక్కర్లేదు. ఆ ఇంట్లో అదొక ఆట.

వాళ్ళ కూతురు టలహాసీలో హోటల్ పని చేస్తూ వారానికోసారి వచ్చేది. మనవరాలు తమియా వీళ్ళ దగ్గరే పెరిగింది. అయిదేళ్ళ పిల్ల. గిన్నెలు కడిగే వయసు కాదు, అందుకని ఆట దానికి పట్టలేదు. రవ్వ తగిలితే ఉమ్మేది కాదు, మింగేసేది. ఎవరూ చూడలేదు. ఆకలి మీదున్న పిల్ల తింటోంది కదా అని మురిసిపోయారు.

ఆ చలికాలం తమియాకి కడుపునొప్పి మొదలైంది. తర్వాత చిరాకు. తర్వాత, అక్టోబరులో చకచకా రాసిన తన పేరులో సగం అక్షరాలు జనవరికి మర్చిపోయింది. బడిలో రక్తపరీక్ష చేయించి, కౌంటీ ఆరోగ్య కేంద్రానికి రమ్మన్నారు. లాటిమర్ అనే నర్సు కాగితం చూపించింది.

"రక్తంలో సీసం ఉంది టూక్స్ గారూ. అయిదు దాటితేనే మేం కంగారు పడతాం. పాపకి పదిహేడు."

కౌంటీ మనిషి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. గోడల రంగు గీకాడు, కుళాయి నీళ్ళు పట్టాడు, గుమ్మం ముందు మట్టి తీశాడు. ఎక్కడా ఏమీ లేదు. చివరికి పిల్లకి కడుపు ఎక్స్‌రే తీశారు.

డాక్టరు కుర్రవాడు, ఊరికి కొత్త. వెలుగుతున్న పలక మీద ఫిల్మ్ పెట్టి, పేగుల దగ్గర తెల్లగా మెరుస్తున్న చుక్కల్ని పెన్సిల్‌తో చూపించాడు. తొమ్మిది చుక్కలు, గుండ్రంగా, అన్నీ ఒకే కొలత.

"ఏమిటివి? దండలోంచి పూసలేమైనా మింగిందా?"

లూషస్ లేచి దగ్గరికెళ్ళాడు. ఫిల్మ్ అంచున కొలబద్ద గీతలున్నాయి. అవి అతనికి అక్కర్లేదు. నలభై రెండేళ్ళు వేళ్ళ మధ్య దొర్లించినవి.

"తొమ్మిదో నంబరు," అన్నాడు.

"ఏమిటీ?"

"తూటా నంబరు సార్. ఎనిమిదైతే ఇంకాస్త లావుండేది."

"మీకెలా తెలుసు?"

"నేనే ఇచ్చాను."

నర్సు వెర్డెల్ వైపు తిరిగి వంట ఎలా చేస్తారని అడిగింది. వెర్డెల్ చెప్పింది. వెనిగర్ మాట రాగానే నర్సు కలం ఆగింది.

"వెనిగర్ సీసాన్ని కరిగిస్తుందమ్మా. రాత్రంతా ఉంచితే, కనబడే రవ్వలు మీరు ఏరేసినా కనబడనిది మాంసంలోకి దిగిపోతుంది. ఇక ఈ రవ్వలు కడుపులోనే ఉండిపోయాయి కాబట్టి రోజూ కాస్త కాస్త కరుగుతూనే ఉంటాయి."

"మా అమ్మ నేర్పింది," అంది వెర్డెల్. "నెత్తురు లాగేస్తుందని." దారిపొడుగునా కారులో పిల్ల తల మీద చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చాక కోటు విప్పకుండానే అడిగింది.

"ఎవరికిచ్చావు?"

"ఎవరికని చెప్పను. గురి లేని ప్రతివాడికీ ఇచ్చాను."

"వాళ్ళకి గురి లేకపోతే లేకపోనీ, పిట్ట ఎగిరిపోతే పోనీ అనుకోవచ్చుగా లూషస్. నీకేం పోయింది?"

ఏం పోయేదో అతనికి తెలుసు. అతిథి రెండ్రోజులు వరసగా గురి తప్పితే దొర కుక్కల్ని తిడతాడు, ఆ తర్వాత కుక్కలు పట్టేవాణ్ణి తిడతాడు, మూడో రోజున తూటా ఇచ్చినవాణ్ణి చూస్తాడు. పనితనం అంటూ మెచ్చుకున్నది దాన్నే. చేతకాని డబ్బున్నవాడి చేత చేతనైనట్టు అనిపించడం. ఆ పనితనం చితక్కొట్టిన పిట్ట మళ్ళీ తిరిగి తన కంచంలోకే వచ్చిందన్నది ఆ రాత్రి అతనికి మింగుడుపడలేదు.

రవ్వలు బయటికి రావడానికి మందిచ్చారు. వారంలో ఏడు పోయాయి, రెండు మిగిలాయి. వాటి సంగతి తర్వాత చూద్దామన్నాడు డాక్టరు. లూషస్ మాత్రం సోమవారం పొద్దున్నే శుభ్రమైన చొక్కా వేసుకుని దొర తుపాకుల గదికి వెళ్ళాడు. బండిలోంచి సీసం పోవాలి. అడగవలసింది అదొక్కటే.

అవెరీ సట్‌క్లిఫ్‌కి నలభై దాటలేదు. పుట్టినప్పుడు లూషస్ ఎత్తుకున్నవాడే. గద్దెలాంటి కుర్చీలో కూర్చుని పాత జంటగొట్టాల తుపాకీకి నూనె రాస్తున్నాడు.

"విన్నాను లూషస్. చాలా బాధేసింది. పాప ఎలా ఉంది?"

"కాస్త నయం సార్. నేనొక మాట అడగడానికొచ్చాను. తూటాలు మారుద్దాం సార్. సీసం వద్దు."

"ఉక్కు రవ్వలా? దీన్లోనా?" తుపాకీని కాస్త పైకెత్తి చూపించాడు. "మా ముత్తాత ఇంగ్లండ్‌లో చేయించింది. గొట్టం ఎంత పల్చనో నీకు తెలీదా? ఒక్క సీజన్ ఉక్కు వేస్తే లోపలంతా గీరుకుపోతుంది."

"తెలుసు సార్. అందుకే ఉక్కు అనట్లేదు. బిస్మత్ అని ఉంది. సీసంలాగే మెత్తన. మీ తుపాకీకేం కాదు, విషమూ కాదు. కంపెనీ కాగితం తెచ్చాను."

దొర కాగితం తీసుకుని, చదవకుండా బల్ల మీద పెట్టాడు.

"అది ఎంత ఖరీదో చూశావా?"

"చూశాను సార్. ఖరీదే."

"ఖరీదు సంగతి వదిలెయ్యి. చుట్టుపక్కల ఎస్టేట్లు ఎవరూ మార్చలేదు. నేనొక్కణ్ణే మార్చానంటే ఇన్నాళ్ళూ తప్పు చేశానని ఒప్పుకున్నట్టు. మా వకీలుతో మాట్లాడాను. సీసం వాడటం చట్టం ప్రకారం తప్పేం కాదు. నువ్వూ అర్థం చేసుకోవాలి."

అంటే తను రాకముందే వకీలు వచ్చి వెళ్ళాడన్నమాట. లూషస్‌కి అక్కడ అర్థమైంది. బాధేసిందని అనకముందే దొర జాగ్రత్త పడ్డాడు.

"పిల్ల సార్," అన్నాడు. "అయిదేళ్ళ పిల్ల. ఇంకో ఆరు ఇళ్ళల్లో పిల్లలున్నారు."

"ఆ పిట్టల్ని తినమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు లూషస్. మా తాతలు అభిమానంతో ఇచ్చారు." గొంతు ఎక్కడా పెరగలేదు. "పోనీ, నీ మాట కాదనడం ఎందుకు. సంచి ఆపేస్తాను. ఈ శుక్రవారం నుంచే. నీకోసమే."

నీకోసమే అన్న ఆ ఒక్క ముక్కే పనివాళ్ళదాకా చేరింది. శుక్రవారం సాయంత్రం కుక్కల కొట్టం దగ్గర ఆరుగురు నిలబడి ఉన్నారు, సంచి లేదు. హోసియా బండి కడుగుతూ ఈసారి తల తిప్పి మరీ చూశాడు.

"ఇన్నేళ్ళూ మొదటి చెయ్యి నీదేగా. నువ్వు తిన్నన్నాళ్ళు తిని, ఇప్పుడు మా నోటి దగ్గర తీయించావు."

"ఒరే, దాన్లో విషముందిరా. నా మనవరాలి కడుపులో నా కళ్ళతో చూశాను."

"నేను యాభై ఏళ్ళుగా తింటున్నాను. నాకేమైంది?"

"నీకేమైందో నీకెట్లా తెలుస్తుంది? ఎప్పుడన్నా పరీక్ష చేయించుకున్నావా? నీ చిన్న మనవడు రెండో క్లాసు రెండోసారి చదువుతున్నాడు. ఎందుకో అడిగావా?"

హోసియా బొక్కెన నేలమీద పెట్టాడు. కొట్టేలా కనిపించాడు, కొట్టలేదు. "మా వాడి మాటెత్తకు," అన్నాడు. ఆ తర్వాత బండిమీద వాళ్ళిద్దరి మధ్యా తిట్లు కూడా లేకుండా పోయాయి.

అక్కడితో అయిపోతే లూషస్ కూడా నోరు మూసుకునేవాడేమో. తన పిల్ల కంచంలోకి ఇక ఆ పిట్ట రాదు, ఏడు ఇళ్ళ పొయ్యిల మీదికీ రాదు. పని ఉంది, ఇల్లు ఉంది, పెన్షన్‌కి మూడేళ్ళుంది. పేదవాణ్ణి ఊరుకోబెట్టడానికి ఇంతకన్నా గట్టి తాళ్ళు ఎవరూ పేనలేదు.

ఫిబ్రవరి మొదటి బుధవారం వెర్డెల్ చర్చి నుంచి తిరిగొచ్చి వంటగదిలో కూర్చోకుండా నిలబడింది. వారంవారం చర్చి హాలులో లేనివాళ్ళకి సరుకులు పంచుతారు. డబ్బాల చిక్కుళ్ళు, పాలపొడి, రొట్టె. పంచేవాళ్ళల్లో తనూ ఒకతె.

"ఫ్రీజర్ నిండా పిట్టలు," అంది. "తెల్లటి ప్లాస్టిక్ సంచుల్లో శుభ్రంగా కట్టి, ఎస్టేట్ పేరు అంటించి. పాస్టర్ గారు దొరతో ఫోటో దిగారు. పేపర్లో వస్తుందట."

లూషస్ వెళ్ళి చూశాడు. ప్లాస్టిక్ మీంచే బొటనవేలితో రొమ్ము నొక్కి చూశాడు. నాలుగు సంచులు నొక్కేసరికి తెలిసిపోయింది. వంటగదికి పనికిరానివన్నీ ఇక్కడికొచ్చాయి. పోయిన శనివారం ఎవరెవరికి తను ఏ పెట్టె తోశాడో కూడా గుర్తుంది.

పాస్టర్ రాలండ్ మంచివాడే. పక్కకి పిలిచి కూర్చోబెట్టాడు.

"బ్రదర్ టూక్స్, మీ బాధ నాకు తెలుసు. పాప కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. కానీ మాంసం కొనలేనివాళ్ళకి మాంసం ఇస్తుంటే వద్దని ఎలా చెప్పను? చర్చి పైకప్పు కూడా ఎస్టేట్ వాళ్ళే వేయిస్తున్నారు."

"పైకప్పు వేయించుకోండి పాస్టర్ గారూ. ఆ ఫ్రీజర్ మాత్రం ఖాళీ చెయ్యండి."

"అలా విడదీసి తీసుకోవడం కుదరదు."

"కుదరదని వాళ్ళన్నారా, మీరనుకున్నారా?"

ఆ రాత్రి పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతుంటే, "మాట్లాడితే ఈ ఇల్లు పోతుంది," అన్నాడు లూషస్. "తెలుసు," అంది వెర్డెల్. "వచ్చే బుధవారం నేను ఎటూ వెళ్ళాలి. నువ్వు నాతో వస్తావా, నన్నొక్కదాన్నే పంపుతావా?"

బుధవారం వరసలో పద్నాలుగు కుటుంబాలున్నాయి. లూషస్ ఎక్స్‌రే ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి అంటించాడు. ఎండ వెనకనుంచి పడి చుక్కలు బాగా కనిపించాయి. ఉపన్యాసం చెప్పడం అతనికి రాదు. తను ఏ పని చేస్తాడో చెప్పాడు, తొమ్మిదో నంబరు ఎవరికి ఇస్తాడో, ఎందుకిస్తాడో చెప్పాడు, ఆ పిట్టలు ఎటు పోతాయో చెప్పాడు, వెనిగర్ సీసాన్ని కరిగిస్తుందనీ చెప్పాడు. ఒక సంచి విప్పి, జేబుకత్తితో రొమ్ము కోసి, సాసరులో రవ్వలు రాల్చాడు. పదకొండు వచ్చాయి.

"కనపడేవి ఇవి. కనపడనివి ఎన్నో నాకు తెలీదు. పిల్లలకి పెట్టకండి. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకండి."

కొంతమంది చేతిలోవి వెనక్కి పెట్టారు. ఒక ముసలాయన, దొర మీద కోపంతో కల్పించావంటూ నవ్వాడు. ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన ఒకావిడ, కోళ్ళ ఫ్యాక్టరీ దుస్తుల్లోనే ఉంది, రెండు సంచులు పట్టుకుని అతని దగ్గరికొచ్చింది.

"మిస్టర్ లూషస్, మీకు చేత్తో నొక్కితే తెలుస్తుందటగా. వీటిలో ఏది కాస్త నయమో చెప్పండి, అది తీసుకుంటాను."

"ఏదీ నయం కాదమ్మా."

"ఏదో ఒకటి నయమే ఉంటుంది."

"ఒకటో రెండో రవ్వలున్నవి దొర ఉంచుకుంటాడు. ఇక్కడికి రావు."

"అయితే ఇవాళ వీళ్ళకి ఏం వండను?" పోట్లాటకి అడగలేదు, నిజంగానే అడిగింది. "నేను రోజంతా కోళ్ళు కోస్తాను. ఒక్కటి ఇంటికి తీసుకుపోతే పని పోతుంది. ఇవి వద్దంటున్నారు. సరే, వద్దు. మరేం పెట్టను?"

వెర్డెల్ చిక్కుళ్ళ డబ్బాలు రెండు ఎక్కువ తీసి ఆవిడ సంచిలో వేసింది. ఆవిడ డబ్బాలు తీసుకుంది, పిట్టల్ని కూడా తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, "వెనిగర్ వెయ్యనులెండి," అంది.

పద్నాలుగింట్లో ఎనిమిది కుటుంబాలు పిట్టల్ని తీసుకెళ్ళాయి.

శుక్రవారం ఎస్టేట్ మేనేజరు కాగితం తెచ్చాడు. వేట సీజన్ ముగిసే రోజుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి. కారణం దగ్గర ఉద్యోగుల తగ్గింపు అని రాసి ఉంది. తగ్గింది ఒక్క ఉద్యోగే. శనివారం బండి వెనక పలక దగ్గర కొత్తవాడు నిలబడ్డాడు. అతనికి మనుషుల్ని చూడటం రాదు. అందుకని భద్రంగా అందరికీ తొమ్మిదో నంబరే ఇస్తున్నాడని వెర్డెల్‌కి హోసియా భార్య చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించి, రక్తపరీక్ష ఎక్కడ చేస్తారని అడిగింది.

టూక్స్ కుటుంబం ఇప్పుడు ఊరి చివర అద్దె ట్రైలర్‌లో, చక్రాల మీది రేకుల ఇంట్లో ఉంటోంది. ఏప్రిల్‌లో తమియాకి మళ్ళీ పరీక్ష చేశారు. పదకొండు. నర్సు సంతోషించింది, తగ్గుతోందంది. మర్చిపోయిన అక్షరాలు తిరిగొస్తాయా అని లూషస్ అడిగితే, పిల్లలు చాలా గట్టివాళ్ళు అంది. అది జవాబు కాదని లూషస్‌కీ, వెర్డెల్‌కీ, నర్సుకీ తెలుసు.

చర్చి హాలులోకి లూషస్‌ని ఇప్పుడు రానివ్వరు. రోడ్డు కౌంటీది కాబట్టి గేటు బయట నిలబడతాడు. ఫ్రీజర్లో పోయిన సీజన్ పిట్టలు ఇంకా ఉన్నాయి. బుధవారం బుధవారం ఆగిన ప్రతి కారు అద్దం దగ్గరికీ వంగి అదే సంగతి చెబుతాడు. కొందరు అద్దం దించుతారు. కొందరు దించరు. ఒక్కోసారి దించినవాళ్ళలో ఒకరు లోపలికి వెళ్ళి, వచ్చేటప్పుడు అతని కళ్ళలోకి చూడకుండా, తెల్ల సంచిని సీటు కింద దాచుకుని వెళ్ళిపోతారు.